ఆయన పెట్టిన పేర్లు

మా ఆయనకి మనుషుల అసలు పేర్లు గుర్తుండవు. పెళ్ళయిన కొత్తలో మా చిన్నాన్నని నలుగురిలో "గొడుగు మావయ్యగారూ" అని పిలిచాడు, ఏ కాలమైనా ఆయన చంకలోంచి గొడుగు దిగదని. చిన్నాన్న నవ్వేశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రోజే మా పుట్టింటి గుమ్మం మాకు మూసుకుపోయేది. నేనెంత మొత్తుకున్నా ఆ అలవాటు పోలేదు. ఎదురింటాయన "తాళంచెవులు". మా ఇంటి ఓనరమ్మ "మెట్ల మీద దగ్గు". ఆయన పైన ఉండే జోన్ మేనేజరు "ఇకిలింపు". ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడితే ముందు వాళ్ళలో ఉన్న వింత ఏదో ఆయన కంట్లో పడుతుంది, ఇక పేరుతో పని లేదు.

ఆయన పని బేకరీలకి ఓవెన్లు అమ్మడం. ఓవెన్లు, పిండి కలిపే మెషిన్లు, ట్రేలు పెట్టే చక్రాల స్టాండ్లు. కంపెనీ చాలా పెద్దది, ఎన్నో ఊళ్ళలో ఆఫీసులున్నాయి, గోడల మీద అద్దాలే అద్దాలు. కానీ మా వైపు బేకరీల వాళ్ళకి కంపెనీ మొహం తెలీదు, మా ఆయన మొహమే తెలుసు. ఎవరు ఎప్పుడు నిద్రపోతారో, ఎప్పుడు ఫోను చేస్తే కసురుకోరో, ఏ కొట్లో భార్య మాట చెల్లుతుందో, ఎవరు కొడుకుని అడక్కుండా మేకు కూడా కొనరో, అదంతా ఆయన ఫోనులో పేరు రాసే చోటే ఉండేది. "పిండి మీసాలు మధ్యాహ్నం నిద్ర." "వంకర గొట్టం పెళ్ళాన్ని అడగాలి." "తిట్టే ముసలమ్మ." అలా అన్నమాట. నేను చూసి, ఎప్పుడో ఎవరికో కనబడుతుంది, చీవాట్లు తింటారు అనేదాన్ని. నా ఫోను ఎవరు చూస్తారే అనేవాడు.

ఈ తిట్టే ముసలమ్మ గురించి ఇక్కడే చెప్పేస్తాను. భర్త పోయాక బేకరీ తనే నడుపుకొస్తోంది. పిల్లల్లేరు. పొద్దున్నే ఆవిడ దగ్గర్నుంచి ఫోను వచ్చేది. ఆయన స్నానంలో ఉంటే నేను స్పీకరు నొక్కేదాన్ని. ఒరేయ్ వెధవా, నువ్వు అంటగట్టిన పొయ్యి నా రొట్టెలన్నిటినీ ఒక పక్క మాడ్చేస్తోంది, అసలు బతికున్నావా లేదా అని మొదలుపెట్టేది. ఆయన తల తుడుచుకుంటూ వచ్చి, వస్తున్నానమ్మా అని నవ్వేవాడు. తీరా వెళ్తే పొయ్యికి పెద్దగా ఏమీ ఉండేది కాదట. తలుపు పక్క మర వదులైతే బిగించి, ఆవిడ తిట్లు తిని, ఆవిడ చేతిలో కుక్కిన వేడి బన్ను తిని వచ్చేవాడు. మా అమ్మ ఉంటే ఇలాగే తిట్టేదే అనేవాడు. ఆవిడ ఫోను రాని రోజు పొద్దున ఆయనకి ఏదో వెలితిగా ఉండేది, రెండుసార్లు ఫోను తీసి చూసుకునేవాడు. ఆ వీధిలో ఉన్న బేకరీల వాళ్ళందరికీ ఆవిడంటే గురి. ఆవిడ ఏ మెషిను కొంటే కళ్ళు మూసుకుని అదే కొనేవాళ్ళు.

ఇక మా చెల్లెలు. అది కూడా అదే కంపెనీలో, కంప్యూటర్ల విభాగంలో పని చేస్తుంది. ఆ ఉద్యోగం ఖాళీగా ఉందని చెప్పిందీ, దరఖాస్తు పెట్టించిందీ, పైవాళ్ళ చెవిన ఓ మాట వేసిందీ మా ఆయనే. వేరే ఊళ్ళో, వాళ్ళింట్లో కిటికీ పక్కన బల్ల వేసుక్కూర్చుని, కంపెనీ ఉద్యోగులకిచ్చిన లాప్‌టాప్‌లన్నిటినీ అక్కణ్ణుంచే చూసుకుంటుంది. దేంట్లో ఏ ప్రోగ్రాం ఉండాలి, ఏది ఉండకూడదు, ఎవరిది తాళం పడాలి, అన్నీ దాని చేతిలోనే. మా ఇంట్లో లాప్‌టాప్ మొరాయిస్తే ఆయన "మరదలా, దయ్యం పట్టింది, వదిలించు" అని ఫోను చేసేవాడు. అది అక్కణ్ణుంచి కలుపుకునేది. తెర మీద బాణం గుర్తు దానంతటదే అటూ ఇటూ తిరుగుతుంటే నేను చేతిలో పని ఆపి చూసేదాన్ని. నా చెల్లెలు అంత దూరం నుంచి మా ఇంట్లోకి చెయ్యి పెట్టి అన్నీ సర్దుతోందని తెగ మురిసిపోయేదాన్ని.

ఆ మధ్య కంపెనీ వాళ్ళు ఒక కొత్త ఏర్పాటు తెచ్చారు. అమ్మకాలు చేసేవాళ్ళ ఫోన్లలో ఉన్న కాంటాక్టులన్నీ వాళ్ళ ఆఫీసు లాప్‌టాప్‌లో కూడా కనబడాలట. సింకు చేయడం అంటారు దాన్ని. ఒక చోట నంబరు మారిస్తే రెండో చోట కూడా మారిపోతుంది. అందరూ సరే అన్నారు. మా ఆయన మొండికేశాడు. లాప్‌టాప్ వాళ్ళది, ఫోను నాది, ఈ మనుషుల్ని నేను కాళ్ళరిగేలా తిరిగి సంపాదించుకున్నాను, తీసుకెళ్ళి అందులో ఎందుకు పొయ్యాలి అని. ఇకిలింపు ఫోను చేసి ముందు ఇకిలించాడు, తర్వాత దబాయించాడు. ఆయన ఇవాళ కాదు రేపు అంటూ దాటేస్తూ వచ్చాడు. నోట్లో నాలుక లేదనుకునే మనిషి అంత గట్టిగా నిలబడటం నాకే వింతగా అనిపించింది.

అప్పుడు ఫోను చేసింది మా చెల్లెలు.

ఆ రోజు నాకు సెలవు. నేను డ్రై క్లీనింగ్ షాపు కౌంటర్లో పని చేస్తాను. ఊళ్ళోవాళ్ళ మరకలు చూసి చూసి, బట్ట ఇచ్చేటప్పుడే మనిషి ఏం దాస్తున్నాడో పోల్చేయగలనని నాకో గర్వం. సొంత చెల్లెలి గొంతులో మాత్రం ఏమీ పోల్చుకోలేకపోయాను. పిల్లల కబుర్లు చెప్పింది, నా మోకాలు నొప్పి అడిగింది, ఆ తర్వాత బావకోసారి ఇవ్వక్కా, చిన్న పనుంది అంది.

ఆయన లాప్‌టాప్ మూత తెరిచి బల్ల మీద పెట్టాడు. నా ఫోను పక్కన పెట్టి స్పీకరు వేశాడు. ఏం లేదు బావా, మీ ఫోనులోవి మీ లాప్‌టాప్‌లోకి వస్తాయి, అంతే అంది. రేపు ఫోను ఎక్కడైనా పారేసుకున్నా నంబర్లు భద్రంగా ఉంటాయి అంది. మరి ఎవరు చూస్తారు అని అడిగాడు ఆయన. మీరే చూస్తారు, మీ లాప్‌టాప్ మీరు కాక ఇంకెవరు చూస్తారు అంది. నేను బట్టలు మడతపెడుతూ విన్నాను. ఈ మాట అక్షరం పొల్లుపోకుండా విన్నాను.

బాణం గుర్తు కదలడం మొదలైంది. ఒక కిటికీ తెరుచుకుంది, అందులో ఇంకోటి, అక్కడేవో గళ్ళలో టిక్కులు పడ్డాయి. లాప్‌టాప్ వైపు పనంతా అదే చేసుకుపోయింది. ఆయన ఫోను దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. ఫోను కంపెనీది కాదు కాబట్టి దాని చెయ్యి అందులోకి పోదు. ఏం నొక్కాలో అది చెబుతుంటే ఆయన ఒక్కోటి నొక్కుతూ వచ్చాడు. చివర్లో ఫోను తెర మీద ఒక ప్రశ్న నిలబడింది, మీ కాంటాక్టులు చూడటానికి అనుమతించాలా అని. కింద రెండు బటన్లు. అది మటుకు ఎవరి ఫోనులో వాళ్ళే, తమ వేలితోనే నొక్కాలట. ఆయన వేలు గాల్లోనే ఉంచాడు.

"నువ్వు చెప్పావు కాబట్టి నొక్కుతున్నా మరదలా," అన్నాడు.

నొక్కాడు.

కాసేపటికి లాప్‌టాప్‌లో పేర్లు ఒకదాని వెనక ఒకటి దిగడం మొదలైంది. ఆయన అలకంతా మర్చిపోయాడు. ఇటు రావే, పిండి మీసాలు ఈ పెద్ద తెర మీద ఎంత దర్జాగా ఉన్నాడో చూడు అని నన్ను లాక్కెళ్ళి చూపించాడు. అంతలో ఫోనులో ఒక్కో పేరు రెండేసి సార్లు కనబడుతోందని ఆయనే గమనించి గొడవ పెట్టాడు. ఒకటి ఫోనులోది, ఇంకోటి ఇప్పుడు పెట్టిన కంపెనీ ఖాతాలోది, అందుకే అంది అది. అయితే ఒకటి తీసేయ్, నాకు తికమకగా ఉంది అన్నాడు. అది ఫోనులో ఉన్నవన్నీ కంపెనీ ఖాతాలోకి మార్పించి, ఫోనులో విడిగా ఉన్నవి తీయించేసింది. ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి బావా అంది. ఆయన దాన్ని మెచ్చుకున్నాడు. నేను కూడా.

కొన్ని వారాలు గడిచాయి. ఒక రోజు ఇకిలింపు ఆయన్ని ఆఫీసుకి పిలిపించాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, కంపెనీ పద్ధతులు మారాయి, ఇక గిరాకీలతో హెడ్డాఫీసు వాళ్ళే నేరుగా మాట్లాడతారు, మీ అవసరం ఉండకపోవచ్చు అన్నాడట. ఇకిలించాడా అని అడిగాను. అదొక్కటే నిజాయితీగా చేశాడు అన్నాడు ఆయన. లాప్‌టాప్ అక్కడే ఇచ్చేసి, పట్టపగలు బస్సెక్కి ఇంటికొచ్చాడు. ఈ నెల అద్దె ఎలాగా అని నేను లెక్కలు మొదలుపెట్టాను. ఆయన మాత్రం చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, నింపాదిగా కూర్చున్నాడు.

పోతే పోనీవే, ఓవెన్లు వాళ్ళవి, మనుషులు నావాళ్ళు అన్నాడు. ఎప్పట్నుంచో మనసులో ఉన్న మాట బయటపెట్టాడు. బస్సు డిపో వెనక ఖాళీ షెడ్డు ఒకటుంది. పాత ఓవెన్లు తెచ్చి, విప్పి, బాగు చేసి, వాటికి తనే పూచీ పడి అమ్ముతాడు. ముసలమ్మ కూడా ఎన్నాళ్ళుగానో, కొత్తది నాకొద్దురా, ఇలాంటి పాతదే గట్టిది ఇంకోటి చూసిపెట్టు అంటోంది. ఆవిడ తీసుకుంటే ఆ వీధి వీధంతా వస్తుంది. ఈ వయసులో మళ్ళీ ఇంకోడి దగ్గర చేతులు కట్టుకుని నిలబడక్కర్లేదు. ఆయన చెబుతుంటే నాకూ ధైర్యం వచ్చింది. ముందు ఆవిడకే చెబుతాను అంటూ ఫోను తీశాడు.

ఫోను ఖాళీగా ఉంది.

పైకి తోశాడు, కిందికి తోశాడు, ఆపి మళ్ళీ వేశాడు. ఒక్క పేరు లేదు. వచ్చిన కాల్స్ జాబితాలో కూడా పేర్లు పోయి ఒట్టి అంకెలే మిగిలాయి, ఏది ఎవరిదో తెలీదు. కంపెనీ ఖాతా తీసేశారు, దాంతోపాటు అందులో ఉన్న మనుషులందరూ పోయారు. ఫోనులో విడిగా ఉన్నవి ఆ రోజే శుభ్రం చేయించాం కదా. ఆయన ఆ తెల్లటి తెర నా వైపు తిప్పి ఒక మాటన్నాడు.

"నీ నంబరు చెప్పవే. నాకు గుర్తులేదు."

నా ఒళ్ళు మండిపోయింది. నా ఫోనులోంచి మా చెల్లెలికి చేశాను. నీకు తెలుసా అన్నాను. తెలుసంది. పొద్దున్నే వచ్చిందట, ఫలానా వాళ్ళ ఖాతాలు తీసేయమని ఆదేశం. అందులో బావ పేరు చూసిందట. చూసే తీసిందట. ఫోను చేసి ఒక్క మాట చెప్పాలనిపించలేదా అంటే, చెప్పకూడదక్కా అంది. పోనీ ఇప్పుడైనా ఆ నంబర్లు తిరిగివ్వు అన్నాను. అవి కంపెనీ దగ్గరే భద్రంగా ఉన్నాయట, కానీ ఎవరు తెరిచి చూసినా పేరుతో సహా తెలిసిపోతుందట, దాని ఉద్యోగం పోతుందట. భద్రంగా ఉంటాయని అంది కదా, మాట నిలబెట్టుకుంది.

ఆ రోజు మాకు ఫోను చేయమని నీకు ఎవరు చెప్పారు అని అడిగాను. పిల్లలు పిలుస్తున్నారంది. గట్టిగా అడిగాను. అందరివీ అయిపోయాయి, మీ బావ ఒక్కడే మిగిలాడు, నువ్వడిగితే కాదనడు అని ఇకిలింపే చెప్పాడట. మనుషుల్ని తీసేస్తారని మాత్రం నాకు తెలీదక్కా, ఒట్టు అంది. ఏడుస్తోంది. నాకు జాలి కలగలేదు.

"నేను కాకపోతే ఇంకొకరు చేసేవాళ్ళక్కా," అంది.

"ఇంకొకరు అడిగితే ఆయన నొక్కేవాడు కాదే," అన్నాను.

ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని, పోనీలే అమ్మాయ్, ఏడవకు, పిల్లలు చూస్తారు అని చెప్పి పెట్టేశాడు. దాంతో ఆ కోపం కూడా ఆయన మీదికి తిరిగింది. కడుపు కొట్టినవాళ్ళకి కళ్ళు తుడిచే మొగుడు దొరికాడు నాకు అని ఆ పూటంతా గిన్నెల మీద చూపించాను. అక్కాచెల్లెళ్ళ మధ్య నేను అడ్డం రాను, కానీ నా మూలంగా మీరు మాట్లాడుకోవడం మానేయకండి అన్నాడు. మానేశాను.

నంబర్లు పోతే ఏం, కాళ్ళున్నాయి కదా అన్నాడు. ఒక్కో కొట్టుకీ నడిచే వెళ్ళి చెబుతాడట. ముందు షెడ్డు ఒక రూపానికి రావాలి, చేతిలో ఒక ఓవెన్ తయారుగా ఉంటే ముసలమ్మ దగ్గరికి దర్జాగా వెళ్ళొచ్చు అన్నాడు. పాతది ఒకటి ఎక్కడినుంచో తోలుకొచ్చాడు. ఇనప బ్రష్షుతో తుప్పు గీకాడు, తలుపుకి కొత్త మరలు వేశాడు, మోచేతుల దాకా మసి పూసుకుని ఇంటికొచ్చేవాడు. ఈలోగా ముసలమ్మ ఫోను చేసి తిడితే, వస్తున్నానమ్మా అని నవ్వేవాడే కానీ షెడ్డు సంగతి చెప్పలేదు. ఆ కొద్దిరోజులూ ఆయన సంతోషంగానే ఉన్నాడు. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ మంట.

నేను షాపు కౌంటర్లో ఉండగా నా ఫోనుకి మెసేజి వచ్చింది.

"ప్రియమైన తిన్నారా గారికి నమస్కారం. మీ ప్రాంతంలో మా ప్రతినిధి మారారు. ఇకపై మీ ఓవెన్ అవసరాలకు ఈ నంబరులో సంప్రదించండి. మీతో మా అనుబంధం ఇలాగే కొనసాగాలని కోరుకుంటున్నాం."

ముందు అర్థం కాలేదు. తిన్నారా ఏమిటి, ఎవరు, ఏం తిన్నారు? కింద కంపెనీ పేరు చూశాక వెలిగింది. మధ్యాహ్నం నేను ఫోను చేస్తే మొదటి మాట అదే, తిన్నారా అని. నన్ను ఆ పేరుతో పెట్టుకున్నాడన్నమాట ఇన్నేళ్ళూ. కోట్లూ చీరలూ వేలాడుతున్న ఆ కొట్లో నేనొక్కదాన్నే నిలబడి నవ్వాను. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఇంకో సంగతి తట్టింది. నాకు వచ్చిందంటే అందరికీ వెళ్ళి ఉంటుంది. పేరు రాసే చోట ఏముంటే అది తీసి, ముందు ప్రియమైన, వెనక గారు తగిలించి పంపేశారు. పంపే ముందు ఒక్క మనిషైనా కళ్ళు తెరిచి చదివి ఉండడు.

నేను షెడ్డుకి వెళ్ళేసరికే ఆయన ఫోను మోగుతోంది. ఆయన నంబరు వాళ్ళందరి దగ్గరా ఉంది కదా. పిండి మీసాలు పగలబడి నవ్వాడట, నవ్వు అయ్యాక ఇంకోసారి నా గడప తొక్కకు అన్నాడట. వంకర గొట్టం పెళ్ళాన్ని అడగాలి గారికి వచ్చిన మెసేజిని వాళ్ళావిడే పైకి చదివిందట, పనివాళ్ళ ముందు. ఆ వంకర గొట్టం మా ఆయన్ని తిట్టిన తిట్లు నేను ఇక్కడ చెప్పను. ఇకిలింపు గారికి కూడా వెళ్ళింది. దానికి మటుకు నాకు ఒక్క నిమిషం కడుపు చల్లబడింది.

మా చెల్లెలు దానికొచ్చిన మెసేజిని ఫోటో తీసి నాకు పంపింది. "ప్రియమైన మన పిల్ల గారికి" అని ఉంది అందులో. కింద అది ఏమీ రాయలేదు. నేను చూశాను. జవాబు ఇవ్వలేదు, ఆయనకి చూపించనూ లేదు.

ఎవరెవరో చేశారు, ముసలమ్మ చేయలేదు. ఆయన ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరు తిట్టినా చెంపలు వేసుకుంటూ విన్న మనిషి, మోగిన ప్రతిసారీ ఆవిడేమో అని ఆశగా చూశాడు. తిట్టినా బాగుండే అన్నాడు. మర్నాడు పొద్దున్న కూడా ఆవిడ ఫోను రాలేదు. ఇక ఆగలేక, పద వెళ్దాం అన్నాడు. నేను షాపుకి సెలవు పెట్టి ఆయన వెంట బయల్దేరాను. ఏ ముక్క ఎలా చెప్పాలో దారి పొడుగునా నేనే నేర్పించాను. ముందు క్షమాపణ, తర్వాత కంపెనీ సంగతి, చివర్లో షెడ్డు. ఆవిడ కసురుకుంటే తల వంచుకోండి, ఎదురు చెప్పకండి అన్నాను. కసురుకుంటే ఇక గొడవే లేదే అన్నాడు.

బేకరీ చిన్నదే. ముందు గాజు బీరువా, దాని వెనక ట్రేలు, లోపల ఓవెన్. నేల మీద పిండి పొడి, దాని మీద చెప్పుల అచ్చులు. ముసలమ్మని చూడటం నాకు అదే మొదలు. గొంతు విని బండలాంటి మనిషిని ఊహించుకున్నాను, పిట్టంత ఉంది. మమ్మల్ని చూసి చేతులు పైటకి తుడుచుకుని, లోపల్నుంచి స్టూలు తెచ్చి వేసింది.

"రండి. కూర్చోండి," అంది.

మా ఆయన కూర్చోలేదు. ఆ అండీ ఎవరికా అన్నట్టు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత నేను నేర్పించినవన్నీ గాలికి పోయాయి. అమ్మా, అది నేను పంపలేదమ్మా, వాళ్ళు నా ఫోనులోంచి లాక్కున్నారు, నా బుర్రలో మనుషులు అలాగే ఉంటారు తప్ప చెడుగా కాదమ్మా అని ఏదేదో కలిపి చెప్పేశాడు. ఆవిడ విన్నది. ఔనౌను, మిషన్లతో అలాంటివి జరుగుతూనే ఉంటాయి, మీరేం మనసులో పెట్టుకోకండి అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. బ్యాంకులో మాట్లాడినట్టు మాట్లాడింది.

లోపల ఓవెన్ తలుపు సందులోంచి వేడి తన్నుకొస్తోంది. బయట నిలబడ్డ నాకే తెలుస్తోంది, ఆయనకి తెలీదా. అలవాటు కొద్దీ జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి రెండడుగులు వేశాడు. ఆవిడ చప్పున అడ్డం వచ్చింది. వద్దండి, మీకెందుకు శ్రమ, ఆ మెసేజిలో నంబరుకి చేశాను, కంపెనీ వాళ్ళు కొత్తది చూపిస్తామన్నారు అంది. ఆయన స్క్రూడ్రైవరు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. షెడ్డు సంగతి ఇంక నోటికి రాలేదు.

నాకు ఉండబట్టలేదు. నా ఫోను తీసి ఆవిడ ముందు పెట్టాను. చూడండమ్మా, కట్టుకున్న పెళ్ళాన్ని, నాకు కూడా ఇలాంటిదే వచ్చింది, ఈయన అందరికీ అంతే, ప్రేమ ఉన్నవాళ్ళకే పేర్లు పెడతాడు అన్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివింది. రెండోసారి చదివింది. తెర మీద పడ్డ పిండి మరకని పైటచెంగుతో తుడిచి నా చేతికి తిరిగిచ్చింది.

"మీది బాగానే ఉంది కదమ్మా," అంది.

నేను ఫోను సంచిలో పెట్టేసుకున్నాను. ఆవిడ గాజు బీరువా తెరిచి బన్నులు సర్దడం మొదలుపెట్టింది. ఆ పని చేసుకుంటూనే, మా వైపు చూడకుండా మా ఆయనతో అంది.

"నాకెవరున్నారు తిట్టడానికి? ఈ ఊళ్ళో నేను తిట్టింది మిమ్మల్నొక్కరినే అండీ."

అమ్మా అంటూ ఆయన ఒక అడుగు ముందుకేశాడు. ఇంతలో గుమ్మంలోకి ఎవరో గిరాకీ వచ్చారు. ఆవిడ కళ్ళజోడు తీసి, బన్నులు రెండు కాగితంలో చుట్టి, మా ముందు బల్ల మీద పెట్టింది.

"ఇంకేమైనా కావాలా అండీ?" అని అడిగింది.